ముల్లు కదలని ఇల్లు

గిన్నెలు చప్పుడు కాకుండా తోమడం ఎలాగో నన్నడగండి, చెప్తాను. కుళాయి కింద తడిపిన గోనె మడత పెట్టి పరవాలి. కుళాయి మూతికి గుడ్డపేలిక కట్టి, కొస బక్కెట్టు అడుగుదాకా వదిలితే నీళ్లు గుడ్డ వెంట జారి దిగుతాయి, ధార చప్పుడుండదు. స్టీలు గిన్నె మీద స్టీలు గిన్నె బోర్లించకూడదు, మధ్యలో పాత జాకెట్టు ముక్క పెట్టాలి. కుక్కరు కూత వేసే ముందు లోపల బుసబుసమంటుంది చూశారూ, సరిగ్గా అప్పుడే దింపెయ్యాలి. పప్పు ఉడక్కపోతే మళ్లీ ఎక్కించాలి, మళ్లీ దింపాలి. పోపు మూత కింద. రుబ్బురోలు ఆయన డ్యూటీకి వెళ్లాక. తలుపు కీళ్లకి కొబ్బరినూనె, కాలి మట్టెలకి దారం. తుమ్మొస్తే కొంగు, దగ్గొస్తే పెరట్లోకి పరుగు. ఏడుపొస్తేనో అంటారేమో, దానికి వేరే ఏర్పాటేమీ అక్కర్లేదు. కొన్నాళ్లకి అదే చప్పుడు మానేస్తుంది.

మా ఆయన సూరిబాబు గూడ్సు బండి డ్రైవరు. రాత్రంతా డ్యూటీ చేసి తెల్లారాక ఇంటికొస్తాడు, స్నానం చేసి, తిని పడుకుంటాడు. మళ్లీ పొద్దు వాలేదాకా ఈ రెండు గదుల రైల్వే క్వార్టర్లో నేనూ, నా కూతురూ ఉండీ లేనట్టుండాలి. పెళ్లయి పార్వతీపురం నుంచి రాయపూర్‌కి కాపరానికొచ్చిన మర్నాడే ఆయన నాకు సంగతి చెప్పేశాడు. "నా ఎనకాల యాభై వ్యాగన్లుంటాయే. నిద్దర సాలక కన్ను మూతబడిందనుకో, సిగ్నల్ దాటేస్తాను. ఎదురుగా పాసింజరు బండొస్తే ఎంతమంది సస్తారో తెలుసా నీకు?" ఏం చెప్తాను దానికి? కూరలో ఉప్పు లేదంటే వేస్తాను. మీ పుట్టింటోళ్లు ఇంతేనంటే నాలుగు మాటలు నేనూ అంటాను, నాకేం నోరు తక్కువా, మా ఊళ్లో నన్ను గయ్యాళి గుంట అనేవాళ్లు. కానీ ముక్కూ మొహం తెలియని పాసింజరు జనాన్నంతా తెచ్చి నా వంటింట్లో కూర్చోబెడితే నేనేమనాలి? గరిటె జారిందంటే వాళ్లు పోతారు. అందుకని ఎప్పుడూ వాళ్లు అక్కడున్నట్టే ఉండేది నాకు. పిల్లల్ని ఒళ్లో పెట్టుకున్న తల్లులు, మూటల మీద తలలు వాల్చిన ముసలాళ్లు, అందరూ గోడవార కూర్చుని నా చేతులకేసే చూస్తున్నట్టు. నేను పప్పు దింపుతుంటే ఊపిరి బిగబట్టేవాళ్లు.

పక్కింటి కోటమ్మ వదిన మొగుడు అచ్చయ్య అన్నయ్య గూడ్సు గార్డు. ఆయనకీ రాత్రి డ్యూటీలే. వాళ్లింట్లో రేడియో మోగుతుంది, పిల్లలు మంచం చుట్టూ పరిగెడతారు, వదిన చట్నీ రుబ్బుతూ పెద్దగా మాట్లాడుతుంది. "మా మనిషి మీంచి బండెళ్లినా లెగడమ్మా," అని నవ్వుతుంది. ఆ మాట మా ఆయనతో అంటే, "ఆడు గార్డు, ఆడికేటి, ఎనకాల డబ్బాలో కూకుంటాడు. ఇంజను నడిపేది నాను," అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. అప్పట్లో నాకు అన్నీ నిజమే అనిపించేవి.

నాకు ఈ విద్యంతా నేర్పింది మా అత్త వరహాలమ్మ. మామగారు జోగయ్య బొగ్గింజను డ్రైవరు. ఆవిడ మొగుడి నిద్ర కోసం కొన్నేళ్లు, ఆయన పోయాక కొడుకు నిద్ర కోసం కొన్నేళ్లు గుసగుసల్లోనే బతికింది. నేను వచ్చిన కొత్తలో గుసగుసగా ఏదో అడిగితే నా నోటి మీద వేలు పెట్టి, "అమ్మీ, గుసగుస కూడా ఎందుకే, పెదాలు కదిపితే సాలదా? నాను సూసుకుంటాను," అంది. అలా మొదలైంది. మేమిద్దరం పెదాలతోనే మాట్లాడుకునేవాళ్లం, పెదాలతోనే పోట్లాడుకునేవాళ్లం. నవ్వకండి, పెదాలతో కూడా తిట్టుకోవచ్చు, బానే వస్తుంది. గంగాభవాని పుట్టాక దానికీ అదే వచ్చింది. గుక్కపట్టి ఏడుస్తుంటే లోపల్నుంచి "చుప్!" అని ఒక్క కేక వినబడేది. మా ఆయన కూతురితో అన్న మొదటి మాట అదే, చాలాకాలం అదొక్కటే. పిల్ల టక్కున ఆపేసేది, నోరు మాత్రం తెరుచుకునే ఉండేది.

గంగకి నాలుగేళ్లప్పుడు అత్త పోయింది. పట్టపగలు. నేను పెరట్లో వడియాలు తిరగేసి లోపలికొచ్చేసరికి, ఆవిడ, మా ఆయన పడుకున్న గది గుమ్మం పక్కన గోడకి చేరగిలి కూర్చునుంది. కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది. ఒక చెయ్యి గుండెల మీద, ఒక చెయ్యి గుమ్మం పట్టుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. గుమ్మానికి అవతల మంచం మీద కొడుకు, చెయ్యి చాస్తే అందేటంత దూరంలో. రైల్వే ఆసుపత్రి రెండు వీధుల అవతల. ఒక్క కేక వేస్తే చాలు. నొప్పొచ్చినప్పుడు ఆవిడకి కొంగు గుర్తొచ్చింది.

నేను అరవడానికి నోరు తెరిచాను. తెరిచి, ఆ గది తలుపుకేసి చూసి, మూసేశాను. వెళ్లి కోటమ్మ వదినని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. కాలనీ ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలి మూసిన తలుపు చూసి, సంగతి తెలిసినవాళ్లు కనుక కొంగులు నోటికడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఇంటినిండా మనుషులు, మధ్యలో శవం, కళ్లంట బొటబొటా నీళ్లు. చీమ చిటుక్కుమనలేదు. ఓలమ్మా, ఇప్పుడు తల్చుకున్నా నాకు వెన్నులోంచి చలి పుడుతుంది. లోపల గురక, ఇవతల మేము. పొద్దు వాలాక ఆయన లేచి తలుపు తీసి, "టీ పెట్టలేదా?" అన్నాడు. అప్పుడు ఏడ్చాం, అందరం ఒక్కసారిగా. ఆయన అదిరిపడ్డాడు పాపం. తర్వాత పదిరోజులూ వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు, "మహాతల్లి, పోతా పోతా కూడా నా నిద్దర సెడగొట్టలేదు," అని. వచ్చినవాళ్లు నాకేసి చూసి, "నువ్వూ అత్తకి తగ్గ కోడలివే," అని మెచ్చుకున్నారు.

అప్పట్నుంచి గంగకి గొంతు పోయింది. జబ్బు కాదు. రైల్వే డాక్టరు నోట్లో లైటు వేసి చూసి గొంతు బంగారంలా ఉందన్నాడు. అది నవ్వుతుంది, భుజాలు ఊగుతాయి, చప్పుడుండదు. పడుతుంది, మోకాలు చీరుకుపోతుంది, నోరు తెరుస్తుంది, చప్పుడుండదు. ఆయన డ్యూటీకి వెళ్లాకైనా మాట్లాడొచ్చు కదా అంటారు మీరు. నేనూ అన్నాను. ఒళ్లో కూర్చోబెట్టుకుని, "మాట్లాడమ్మా, నాన్న లేడు," అంటే అది గది తలుపుకేసి చూసేది. ఎత్తుకెళ్లి ఖాళీ మంచం చూపిస్తే, ఆ మంచం కేసి చూసి ఇంకా గట్టిగా పెదాలు బిగించేది. మంచం మీద మనిషి లేకపోతే మరీ భయం దానికి. ఇంత చెప్తున్నాను గానీ నాకూ అంతే, ఆయన లేని ఇంట్లో కూడా నా గొంతు పైకొచ్చేది కాదు.

తొంభై నాలుగులో, వేసవి సెలవుల ముందు బళ్లోంచి కబురొచ్చింది. వెళ్తే టీచరమ్మ హిందీలో మెల్లగానే చెప్పింది గానీ చెప్పింది మాత్రం ఇదీ: పాఠం అప్పజెప్పమంటే లేచి నిలబడి నోరు కదుపుతుంది, మాట రాదు, మిగతా పిల్లలు జడుసుకుంటున్నారు. బళ్లు తెరిచేసరికి మాట్లాడకపోతే పేరు తీసేస్తామని, మూగపిల్లల బడికి పంపించమని. ఆవిడ నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, "ఆప్ భీ?" అంది. మీరు కూడానా అని. అప్పటిదాకా నేనిచ్చిన జవాబులు ఒక్కటీ ఆవిడకి వినబడలేదట. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్తే ఏమన్నాడో తెలుసా? "మంచిదే కదే. నోరు లేని పిల్లయితే అత్తోరింట్లో నెగ్గుకొస్తాది." దుప్పటి ముసుగేశాడు.

ఆ వేసవిలోనే వంతెన మనుషులొచ్చారు. మా కాలనీకీ, అవతల గుఢియారీకీ మధ్య యార్డు పట్టాల మీదుగా పాత ఇనప వంతెన ఉండేది, జనం నడిచి దాటేది. తుప్పుపట్టి ఊగుతోందని విప్పేయాలనుకున్నారు. ఆ చప్పుడు చుట్టుపక్కల ఇళ్లకి ఎంత తగులుతుందో చూసి, పని పగలు చెయ్యాలో రాత్రి చెయ్యాలో తేల్చాలట. దాని కోసం ముందు ఇళ్లల్లో మామూలప్పుడు ఎంత చప్పుడుంటుందో కొలవాలి. కొలవడానికి భిలాయి నుంచి వెంకటరత్నం గారని ఒకాయన, మన తెలుగాయనే, చేతిలో పట్టే పెట్టె ఒకటి తెచ్చాడు. దానికి మైకులాంటి మూతి, అద్దం కింద ఎర్రటి ముల్లు.

పెరటి తలుపు తీసుందని లోపలికొచ్చి పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆయన వెనకాలే, కుళాయి దగ్గర గిన్నెలు తోముతున్నాను. ముల్లు చూసి పెట్టెని తట్టాడు. వీధిలోకెళ్లాడు, ముల్లు ఎగిరింది కాబోలు, తలూపుకుంటూ మళ్లీ వచ్చాడు. మళ్లీ తట్టాడు. "ఖాళీ క్వార్టరా ఏమిటి," అని తనలో తను అనుకుంటూ వెనక్కి తిరిగి, నన్ను చూసి, గోడకి కొట్టుకునేంత ఇదిగా ఎగిరిపడ్డాడు. "అమ్మా! మీరు ఎప్పట్నుంచున్నారు?"

మీరొచ్చినప్పట్నుంచీ అన్నాను. నేనైతే అన్నాననే అనుకున్నాను. ఆయన నా నోటికేసి చూసి, ముల్లుకేసి చూశాడు. "కొంచెం గట్టిగా అనండమ్మా." అన్నాను. ముల్లు ఉన్నచోటే ఉంది. ఈలోగా గంగ బయటనుంచి వచ్చి మా ఇద్దరి మధ్యలోంచి వెళ్లి, డబ్బా మూత తీసి, జంతిక తీసుకుని కొరుక్కుంటూ, నీళ్లు ముంచుకు తాగి వెళ్లిపోయింది. ఆయన దాన్ని చూడట్లేదు, ముల్లునే చూస్తున్నాడు. అది పిసరు కదల్లేదు. అంతలో ఒక్కసారి ముల్లు లేచి, ఊగి, పడింది. "అదేమిటి?" అన్నాడు ఉలిక్కిపడి. గది తలుపు చూపించి, రెండు చేతులూ చెంప కింద పెట్టి సైగ చేశాను. మా ఆయన గురక. లేస్తోంది, పడుతోంది. ఆ ఇంట్లో బతికున్న మనిషి ఆయనొక్కడేనని ఆ పెట్టె చెప్తోంది.

వెంకటరత్నం గారు నుదురు తుడుచుకున్నాడు. వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, గొంతు బాగా తగ్గించి అన్నాడు. "నిన్న ఆ చివర మూసేసిన క్వార్టర్లలో కూడా కొలిచానమ్మా. వాటిలో కూడా ఇంతకంటే ఎక్కువే ఉంది. ఎలకలైనా తిరుగుతాయి కదా." ఆయన వెళ్లాక నేను నా చేతులు చూసుకున్నాను. చిటికె వేశాను. వేళ్లు రాసుకున్నాయి గానీ చప్పుడు కాలేదు. భయమేసింది నాకు. పోయినవాళ్లకి తాము పోయామని తెలియదంటారు కదా, ఆ మాట గుర్తొచ్చి వంటింట్లో ఒక్కదాన్నీ ఉండలేక గంగని పట్టుకుని కూర్చున్నాను. దాని ఒళ్లు వెచ్చగా ఉంది. అదొక్కటే ధైర్యం.

కొద్దిరోజులు పగలు కొట్టి చూస్తాం, తర్వాత మళ్లీ వచ్చి కొలిచి, పగలో రాత్రో తేలుస్తాం అన్నారు. సోమవారం మొదలెట్టారు. అబ్బ, ఏం చప్పుడమ్మా అది! సుత్తులతో రివిట్లు పగలగొడుతుంటే గోడ మీది దేవుడి పటాలు వణికాయి. మా ఆయన మంచం మీద లేచి కూర్చుని ఏదో అరుస్తున్నాడు, నోరు కదులుతోంది, మాట వినబడలేదు నాకు. మొగుడి నోరు అలా ఊరికే కదలడం చూడటం అదే మొదటిసారి. తలుపు ధడాలున వేసుకున్నాడు, అదీ వినబడలేదు. కంగారులో నా చేతిలోంచి పళ్లెం జారింది. చటుక్కున గది తలుపుకేసి తిరిగాను. తీరా చూస్తే ఏమీ కాలేదు. పళ్లెం గచ్చు మీద గిరగిరా తిరిగి ఆగింది, ఎవరూ అరవలేదు. దాన్ని తీసి మళ్లీ పడేశాను. ఈసారి కావాలనే. చెంబు పడేశాను. గరిటెతో గోడని కొట్టాను. గంగ గుమ్మంలో నిలబడి గుడ్లప్పగించి చూస్తోంది. నేను నోరు తెరిచి, "ఉప్పు!" అని అరిచాను. ఎందుకు ఉప్పనే అన్నానో తెలీదు, ఎదురుగా ఉప్పు జాడీ ఉంది. నా మాట నాకే వినబడలేదు గానీ గొంతులో గరగర తగిలింది. ఉంది! లోపల ఉంది!

గంగ చెయ్యి లాక్కుని నా గొంతు మీద పెట్టుకుని అరిచాను, "గంగా! గంగాభవానీ!" దాని కళ్లు పెద్దవయ్యాయి. దాని వేళ్ల కింద నా గొంతు అదురుతోంది కదా. రెండో చెయ్యి తీసుకెళ్లి దాని గొంతు మీదే పెట్టాను. నువ్వు. అది తలుపుకేసి చూసింది, వంతెన కేసి చూసింది. నోరు తెరిచింది. కొంచెం సేపటికి తన వేళ్ల కింద ఏదో తగిలి చటుక్కున చెయ్యి తీసేసింది, వేడి గిన్నె ముట్టుకున్నట్టు. మళ్లీ పెట్టుకుంది. మళ్లీ అంది. ఏమందో నాకు వినబడలేదు. నేను ఏడుస్తూనే ఉన్నాను, అదీ గట్టిగానే.

రోజూ అదే మా పని. సుత్తులు మొదలవగానే ఇద్దరం వంటింట్లో చేరి అరిచేవాళ్లం. కూరగాయల పేర్లు, స్టేషన్ల పేర్లు, టీచరమ్మ చెప్పిన పాఠం. ఒకరోజు మాత్రం చిత్రం జరిగింది. నేను నోరు తెరిచి ఇంకేదో అనబోయాను, నా నోట్లోంచి, "సూరీ, గుండెల్లో నొప్పిగా ఉందిరా, ఒకపాలి లెగు నాయనా," అని వచ్చింది. అది నా యాస కాదు, నా గొంతూ కాదు. అదే క్షణంలో సుత్తులు ఆగాయి. మాట చివరి ముక్క ఇంట్లో వినబడింది. గంగ నాకేసి కాదు, నా పక్కన గది గుమ్మం కిందకి, గోడ మొదటికి చూస్తోంది. గదిలో మంచం కిర్రుమంది. "ఎవరది?" అన్నాడు మా ఆయన లోపల్నుంచి. గొంతు చిన్నపిల్లాడిలా ఉంది. "అమ్మా?" అన్నాడు. సుత్తులు మళ్లీ మొదలయ్యాయి. ఆయన తలుపు తియ్యలేదు.

కానీ ఆ సాయంత్రం నుంచే ఆయన ఇల్లిల్లూ తిరగడం మొదలెట్టాడు. రాత్రి డ్యూటీలవాళ్లందరం కలిసి అడుగుదాం, పని రాత్రికి మార్పిద్దాం అని. ఆఫీసువాళ్లు అంతకుముందే చెప్పారు, వంతెన పనయ్యేదాకా రాత్రి డ్యూటీవాళ్లు కావాలంటే పగలు స్టేషన్ అవతల, డ్యూటీ దిగినవాళ్ల కోసం కట్టిన రన్నింగు రూంలో పడుకోవచ్చు, మంచాలిస్తాం అని. మిగతా డ్రైవర్లు వెళ్తున్నారు. ఈయన మాత్రం, "పెళ్లాం ఉన్నోడు రన్నింగు రూంలో తొంగుంటాడా? నలుగురూ నవ్వరూ?" అన్నాడు. పని రాత్రికి మారితే నాకేమవుతుందో నాకు తెలుసు. రాత్రి పిల్ల నిద్రపోతుంది, పగలు మళ్లీ ఆ మంచం, ఆ తలుపు, ఆ గోనె. దాని వేళ్ల కింద ఇప్పుడిప్పుడే తగులుతున్నది మళ్లీ చచ్చిపోతుంది. బళ్లు తెరవడానికి ఎంతో లేదు. అయినా నేనేమీ అనలేకపోయాను. ఆ పాసింజరు జనం గోడవార కూర్చునే ఉన్నారు కదా. ఈయనకి నిద్ర చాలకపోతే?

మర్నాడు పక్కింటి అచ్చయ్య అన్నయ్య దగ్గరకెళ్లి ఒప్పిస్తున్నాడు. నేను గోడ ఇవతల బట్టలారేస్తున్నాను. అచ్చయ్య అన్నయ్య గొంతు పెద్దది కదా, పకపకా నవ్వుతూ అన్నాడు. "నీకు నిద్దర పట్టకపోవడమేటి బావా! డోంగర్‌గఢ్‌లో ఆగిపోయినప్పుడు రన్నింగు రూంలో నీ మంచం కిటికీ పక్కనే షంటింగు ఇంజను కూతలేస్తాది, ఇటేపు మేం పేకముక్కల కాడ కొట్టుకు సస్తుంటాం, నువ్వు మాత్రం గురకెట్టి తొంగుంటావు. కాళ్లట్టుకు లాగితే గానీ లెగవు. ఈ సుత్తులు నీకో లెక్కా?"

మా ఆయన కూడా నవ్వాడు. "అది వేరు బావా. ఇది ఇల్లు. ఇంటికాడ కూడా నెమ్మది లేపోతే ఇంకెందుకు ఇల్లు, పెళ్లాం?"

తడి చీర నా చేతుల్లోనే ఉంది. పిండుతూ ఉండిపోయాను, నీళ్లన్నీ అయిపోయినా. పేకాట పక్కన! ఇంజను కూతల్లో! అయితే ఇన్నేళ్లూ నేను ఎవరి ప్రాణాలు కాపాడాను? వంటింట్లోకి వెళ్లి చూశాను. మూటల మీది ముసలాళ్లూ, ఒళ్లో పిల్లల తల్లులూ ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతున్నట్టనిపించింది. వాళ్ల బండి ఎప్పుడూ క్షేమంగానే వెళ్లిపోయింది, నేనే తెలియక కాపలా కాశాను. గోడవార ఒక్కావిడ మాత్రం మిగిలింది, నోట్లో కొంగుతో. నాకు ఒళ్లు మండిపోయింది. బతుకులో ఎప్పుడూ అంత కోపం రాలేదు. ఆ కొంగు లాగేయాలని చెయ్యి చాపాను, గోడ తగిలింది.

కొట్టి చూస్తామన్న రోజుల్లో చివరి రోజు వెంకటరత్నం గారు వచ్చాడు. సుత్తులు మోగుతుండగా పెరట్లో నిలబడి కొలుచుకున్నాడు. అప్పుడు పైన ఏదో పెద్ద దూలం దింపాలని పని ఆపేశారు. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమంటే చెవులు గుయ్యిమన్నాయి. మా ఆయన లుంగీ బిగించుకుంటూ బయటికొచ్చాడు. "రాసుకోండి సార్. మా ఇంటి తరఫున రాత్రికే. పగలు మా వల్ల కాదు."

"మీదొక్కటే కాదండీ," అన్నాడాయన. "పగలు ఇంట్లో ఉండేవాళ్లని అందర్నీ అడగాలి. ఏమ్మా, మీకు పగలైతే నయమా, రాత్రైతే నయమా?"

మా ఆయన నవ్వాడు. "దాన్నేటి అడుగుతారు సార్, అదేం సెప్తాది? తల్లీ పిల్లా ఇద్దరికీ నోరు లేదు. మీ పెట్టిలో ముల్లు కూడా లెగలేదని కాలనీ అంతా అనుకుంటన్నారు కదా."

నేను నోరు తెరిచాను. సుత్తుల కింద వచ్చిన గొంతు అది, సుత్తులు లేకుండా వస్తుందా? రాలేదు. పెదాలు కదిలాయంతే. వెంకటరత్నం గారు నా మొహం చూడలేక పెట్టెకేసి తల దించుకున్నాడు. మా ఆయన, "చూశారా," అన్నాడు. నా గొంతు లోపల ఒకటి పైకీ కిందకీ కొట్టుకుంటోంది, దారి దొరకట్లేదు దానికి. నా వెనక నుంచి గంగ వచ్చి నిలబడింది. అది వచ్చినట్టు ఎవరికీ తెలియలేదు. తల ఎత్తి వాళ్ల నాన్నకేసి చూసింది.

"పగలు," అంది.

గరుకుగా, బొంగురుగా, ఎన్నాళ్లనుంచో తియ్యని తలుపు తీసినట్టుంది ఆ మాట. పెరట్లో అందరికీ వినబడింది. వెంకటరత్నం గారి పెట్టెలో ముల్లు ఊగింది. మా ఆయన నోరు తెరుచుకుపోయింది, దానికేసి చూస్తూ ఒకడుగు వెనక్కి వేశాడు. నిజంగా భయపడ్డాడు. అలవాటు కొద్దీ, "చుప్..." అనబోయాడు.

"మీరు చుప్," అన్నాను.

అది వచ్చింది. గట్టిగానే వచ్చింది. గోడ అవతల కోటమ్మ వదిన, "ఎవరే అది?" అనడం వినబడింది. నేను వెంకటరత్నం గారి వైపు తిరిగి, "పగలే కొట్టమనండి బాబూ. రాత్రి పిల్ల పడుకోవాలి," అన్నాను.

మా ఆయన నాకేసీ, పిల్లకేసీ చూశాడు. తర్వాత మెల్లగా, పరాయి మనిషితో మాట్లాడినట్టు అన్నాడు. "మరి నానెక్కడ తొంగోవాలి?"

"రన్నింగు రూంలో మంచం ఇస్తామన్నారు కదా. మీకు అక్కడ బాగా పడుతుందట నిద్ర. అన్నం క్యారేజీ పంపిస్తాను."

"వంతెన పని ఎన్నాళ్లుంటాదే? అదయిపోయాక?"

గంగ చెయ్యి పట్టుకున్నాను. "అయిపోయాక ఇంటికి రండి. మీరు పడుకోండి, మేం మాట్లాడుకుంటూ ఉంటాం."